అవ్వ చెల్లెలికి ఒక ముద్ద

దీపం పెట్టి వచ్చి సంగటి కెలుకుతుంటే, మదనపల్లె ఇంట్లో ఒక ఉదయం గుర్తొచ్చింది. అమ్మ సత్తు పళ్లెంలో ముద్దలు కడుతోంది. నాన్న సైకిల్ తుడుస్తున్నాడు. తమ్ముడూ, చెల్లీ, ఆ కట్టెపొయ్యి పొగ మీకూ గుర్తుండే ఉంటుంది.

నాన్న ఇంటర్ పిల్లలకు చరిత్ర చెప్పేవాడు. మొదటి ప్రపంచ యుద్ధం పాఠంలో, "యాడో జరిగిన కొట్లాటతో మనకేం పని సార్?" అని నవ్వారట. అందుకే ఆ రోజు అవ్వను తరగతికి తీసుకెళ్లాడు. తోడుగా నేనూ వెళ్లాను.

"యుద్ధం నేను సూళ్లేదు నాయనా," అంది అవ్వ. "ఆ కాలంలో గింజలు దొరకని కరువు సూసినా. మా నాయన నా చెల్లెల్ని పుంగనూరు సంతలో కూసోబెట్టి, ఈడనే ఉండు, వస్తానన్నాడు. మేం మళ్లా ఆడికి పోలేదు."

ఎవరూ నవ్వలేదు. ఆ సంగతి నాన్నకూ అప్పటిదాకా తెలియదు.

సాయంత్రం నాన్న, "పెద్దల అమావాస్యకు ఆమెకూ ఆకు వేసి అన్నం పెడదామమ్మా," అన్నాడు.

"సచ్చిపోయిందని ఎవురు సూసినారప్పా?" అంది అవ్వ.

ఆకు వద్దనుకున్నారు. రోజూ ఒక ముద్ద తీసిపెట్టి, ఆకలితో గడపకు వచ్చినవాళ్లకు ఇవ్వాలనుకున్నారు. ఇంటికి పెద్దపిల్లనని ఆ ముద్ద నన్ను కట్టమన్నారు.