నోవా ఎత్తు మైకు

మా బావ డెల్మర్‌తో వేగడం దేవుడి తరం కూడా కాదు. ఇన్నేళ్లు నేను వేగానంటే మా చెల్లెలు నోవా మొహం చూసి. ఇప్పుడా మొహం కూడా లేదు. నోవా పోయి మూడేళ్లయింది.

మా కెంటకీ కొండల్లో, ఫైర్ స్టేషన్ హాల్లో, ప్రతి శనివారం సాయంత్రం వాళ్లిద్దరూ జంటపాటలు పాడేవారు. వెనక నేను బేస్ ఫిడేలు వాయించేవాణ్ని. జనం ఉడికిన చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె తింటూ వినేవారు. ఇద్దరికీ ఒకటే మైకు. పాతకాలం వాళ్లం, ఎవరి వంతు వస్తే వాళ్లు మైకు దగ్గరికి జరిగి పాడతాం.

ఇప్పుడు నోవా చోట రేలిన్ పాడుతోంది. దాణా కొట్లో పనిచేసే పడుచుపిల్ల, బాగా పొడగరి. నోవా చోట అన్నానే గానీ, ఆ చోటే బావ ఇవ్వడు! కుడిపక్క ఖాళీగా ఉంచి, పిల్లని ఎడమపక్క నిలబెడతాడు. ఆయనకి ఆ పక్క చెవి బొగ్గు గని మోతలో ఎప్పుడో పోయింది. పైగా మైకు ఇంకా పొట్టి నోవా ఎత్తులోనే ఉంటుంది. పిల్ల నడుం వంచి పాడితే, ఈయనకి వినపడదు, తన వంతు రాకముందే పాట ఎత్తుకుంటాడు. వేదిక దిగాక పిల్లకి తిట్లు.

"వంతు తప్పావే పిల్లా!"

"నేనెక్కడ తప్పాను తాతా? నా వంతు కూడా నువ్వే మింగేస్తుంటే!"

పోయిన శనివారం పాటకి ముందు రేలిన్ నా దగ్గరికొచ్చింది. "ఈ పూటతో సరి, హోబర్ట్ తాతా. పక్క ఊరి బ్యాండు వాళ్లు రమ్మంటున్నారు. ఈయన ఆ ఖాళీ చోటుతో పాడుకుంటాడు, ఇక నేనెందుకు?"

బావ మీద నాకు ఒళ్లు మండిపోయింది. ఈ పిల్ల పోతే బావ పాటే ఆగిపోతుంది. ఒంటరిగా పాడనని ఒట్టు పెట్టుకున్న మొండిఘటం.

"బావా, ఆ పిల్లని కుడిపక్కకి రానీ."

"అది నోవా చోటు."

"పోయింది నా చెల్లెలు! నాకు లేని అభ్యంతరం నీకేంటయ్యా?"

చెవిటి పక్క నా వైపు తిప్పాడు. గిట్టని మాట వస్తే ఆయన చేసే పని అదే.

రెండో పాటలో మళ్లీ ముందే ఎత్తుకున్నాడు. జనం నవ్వారు. రేలిన్ పాడడం ఆపేసింది. వెళ్లిపోతుందనుకున్నాను. నడుం నిటారుగా చేసి, బావ వెనకనుంచి తిరిగి, తిన్నగా కుడిపక్కకొచ్చి నిలబడి తన చరణం మళ్లీ అందుకుంది.

బావ పాట ఆపి ఆ పిల్ల వైపు తిరిగాడు. "నీ గొంతు ఇలా ఉంటుందా?" అన్నాడు, మైకులోనే.

"ఏడాది నుంచీ ఇలాగే ఉంది తాతా."

హాలంతా గొల్లున నవ్వింది. బావ మాత్రం నవ్వలేదు. మైకు ఎత్తు పెంచడానికి స్టాండు మర తిప్పబోయాడు. అది తుప్పు పట్టి కదల్లేదు.

"చూస్తావేంటి బావా, పట్టుకో!" అని నా మీద అరిచాడు.

బేస్ పక్కన పెట్టి పట్టుకున్నాను. ఇద్దరం పెనుగులాడి మైకు పైకి లేపాం. నోవా కోసం ఇన్నేళ్లూ వంగి పాడిన మనిషి అప్పుడు నిటారుగా నిలబడ్డాడు. మా బావ అంత పొడగరి అన్న సంగతే నేను మర్చిపోయాను.