పద్నాలుగో కిలోమీటరు దగ్గర స్కూలు బస్సు

పరుగులో పద్నాలుగో కిలోమీటరు దాటుతుండగా మలుపు దగ్గర మా స్కూలు బస్సు కనిపించింది. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే. ఆ ఉదయం సముద్రంలో దాదాపు రెండు కిలోమీటర్లు ఈదినప్పుడు వెయ్యలేదు. తొంభై కిలోమీటర్లు సైకిలు మీద ఎదురుగాలికి తల వంచుకుని వచ్చినప్పుడూ వెయ్యలేదు. బస్సు ముందు బ్యాండు పిల్లలు రెండు వరుసల్లో నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు శాలువా మడత పట్టుకుని కరస్పాండెంట్ గారు. ఆయన పక్కన ఆ స్కూల్లోనే చదివే మా ఏడేళ్ళ అమ్మాయి గ్రేస్. దాని రెండు చేతుల్లో కొబ్బరి బొండాం.

అనకాపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో నేను తొమ్మిదేళ్ళు పీఈటీగా పనిచేశాను. అసెంబ్లీలో వరుసలు దిద్దడం, సాయంత్రం ఖోఖో, కబడ్డీ ఆడించడం, మధ్యలో సెలవు పెట్టిన టీచర్ల క్లాసుల్లో కూర్చోవడం పీఈటీ పని. ఆ ఉద్యోగం ఏటా జూన్‌లో మళ్ళీ ఖాయం కావాలి. అందుకే మేలో ఏ పీఈటీకీ సరిగా నిద్ర పట్టదు. ఆ పైహోదా ఫిజికల్ డైరెక్టర్. అది శాశ్వతం. సబ్బవరం రోడ్డులో కడుతున్న కొత్త క్యాంపస్‌కి ఈతకొలను వస్తోందని, దానికొక డైరెక్టర్ కావాలని నా తొమ్మిదో ఏడాదిలో తెలిసింది.

కాలేజీ రోజుల్లో నేను ఈత పోటీలకు వెళ్ళినదాన్ని. అంతకుముందు ఏడు ఒక చిన్న ట్రయథ్లాన్ పూర్తిచేశాను. ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటి, మధ్యలో విశ్రాంతి లేకుండా చెయ్యడమే ట్రయథ్లాన్. ఈసారి పెద్ద దూరం ఒకటి మా తీరంలోనే జరగబోతోందని కరస్పాండెంట్ గారి చెవిన పడింది. నన్ను గదికి పిలిచారు.

"పూర్తి సేసి రా అమ్మా. డైరెక్టరు పోస్టు ఆర్డరు నా సేత్తో ఇత్తాను. మన స్కూలు పీఈటీ ఇంత పెద్ద పోటీ సేసిందంటే అడ్మిషన్లకి వేరే సెప్పుకోవాలేటి?"

ఆరు నెలలు సాధన చేశాను. తెల్లవారకముందే సబ్బవరం దాకా సైకిలు, అసెంబ్లీకి ముందు గ్రౌండులో పరుగు, ఆదివారాలు ఈత. చర్చి మానేస్తున్నానని మా అమ్మ సణిగింది. మా ఆయన గ్రేస్‌కి జడలు వెయ్యడం, పిల్లలిద్దరికీ డబ్బాలు కట్టడం నేర్చుకున్నారు. నాలుగేళ్ళ జోయెల్ జ్వరంతో ఉన్న రోజున కూడా సైకిలు తీశాను. ఆ రోజు దారంతా ఫోను మోగుతుందేమోనని వింటూనే తొక్కాను.

పోటీకి ముందురోజు సాయంత్రం పోటీదారులందరికీ నియమాలు చదివి వినిపిస్తారు. మొత్తం ఎనిమిదిన్నర గంటల్లో ముగించాలి. తాగే నీళ్ళు, తినేవి నిర్వాహకుల బల్లల దగ్గరే తీసుకోవాలి. బయటివాళ్ళ చేతి నుంచి గుక్కెడు నీళ్ళు పుచ్చుకున్నా ఫలితాల నుంచి పేరు తీసేస్తారు. మోటారు సైకిళ్ళ మీద అధికారులు కనిపెట్టుకుని తిరుగుతుంటారు. ఈ సంగతి ఆ రాత్రే మా స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. దయచేసి దారిలో ఎవరూ నాకేమీ ఇవ్వొద్దని రాశాను. టీచర్లు పూలగుత్తుల బొమ్మలు పెట్టారు. కరస్పాండెంట్ గారు బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టారు.

ఆరింటికి నీళ్ళలో దిగాం. సముద్రం నన్నేమీ చెయ్యలేదు. నక్కపల్లి వైపు సైకిలు దారిలో గాలి ఇబ్బంది పెట్టి పావుగంట తినేసింది. పరుగు మొదలుపెట్టేసరికి పదకొండున్నర దాటింది. ఫిబ్రవరే అయినా ఎండ మాడ్చేస్తోంది. బస్సు కనబడేటప్పటికి ఒంటిగంటన్నర. ఇంకా ఏడు కిలోమీటర్లు, చేతిలో ఒక్క గంట. నా అడుగు లెక్కన నాలుగు నిమిషాలు మిగులుతాయి. అంతకుముందు బల్ల దగ్గర నీళ్ళు అయిపోయాయి. తర్వాతి బల్ల రెండు కిలోమీటర్ల అవతల ఉంది.

దూరం నుంచే రెండు చేతులూ అడ్డంగా ఊపాను. నేను అభివాదం చేస్తున్నాననుకుని వాళ్ళు డ్రమ్ములు ఇంకా గట్టిగా వాయించారు. రోడ్డు అవతలి అంచుకు జరిగాను. కరస్పాండెంట్ గారు దారికి అడ్డంగా వచ్చి శాలువా కప్పేశారు.

"సార్, టైము లేదు సార్, ఏదీ తీసుకోకూడదు, రూలు!"

"ఒక్క ఫోటో అమ్మా, ఎంతసేపు? పొద్దున్నించీ పిల్లలు ఎండలో ఉన్నారు."

బస్సు డ్రైవరు అప్పలరాజు ఫోను పైకెత్తి, "ఇటు సూడండి మేడమ్, ఒక్కపాలి నవ్వండి" అన్నాడు.

శాలువా తీసి ఆయన చేతిలోనే పెట్టి పరుగు అందుకున్నాను. అప్పుడు ఆయన గ్రేస్ వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోశారు. "ఇయ్యమ్మా, మీ అమ్మకి ఇయ్యి. నీ సేతిదైతే తాగుతాది."

గ్రేస్ నా పక్కన పరుగెత్తింది. బొండాం బరువుకి దాని చేతులు కిందికి జారుతున్నాయి. "తాగవేటమ్మా? నేనే మోసుకొచ్చేను. తాగవా?" గొంతులో ఏడుపు వచ్చేసింది. అధికారి మోటారు సైకిలు వెనకే వస్తోందని నాకు వినబడుతూనే ఉంది.

నేను ఆగాను. బొండాం అందుకుని తాగాను. బిడ్డ మొహం చూసి ఆగానని అందరూ అనుకున్నారు. అది సగమే నిజం. నాకు దాహం వేసింది.

అధికారి బండి ఆపి నా నంబరు రాసుకున్నాడు. అరవలేదు. "పూర్తిచెయ్యాలంటే చెయ్యండి మేడమ్. ఫలితాల్లో మాత్రం ఉండరు. ముగిశాక అరగంటలో అప్పీలు రాసుకోవచ్చు" అన్నాడు. డ్రమ్ములు ఆగలేదు.

గడువుకు రెండు నిమిషాల ముందు గీత దాటాను. మెడల్ పట్టుకుని ఎదురొచ్చిన అమ్మాయి చేతిలో జాబితా చూసుకుని ఆగిపోయింది. సారీ అని వెనక్కి వెళ్ళింది.

అప్పీలు కాగితం నేనే రాశాను. అది నిలవాలంటే ఒక్కటి కావాలన్నారు నిర్వాహకులు: పోటీదారు వద్దన్నా మేమే దారిలోకి వచ్చి ఆపామని ఆ బయటివాళ్ళు సంతకం పెట్టాలి. బస్సు దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళి కరస్పాండెంట్ గారికి కలం ఇచ్చాను. ఆయన కాగితం రెండుసార్లు చదివారు.

"ఇది రాసిత్తే స్కూలే తప్పు సేసిందని ఒప్పుకున్నట్టు కాదేటమ్మా? రేపు పేపర్లో ఎక్కితే?"

"నా పోస్టు దీని మీదే ఉంది సార్."

"సెయ్యి సాపింది మీరు కదా. అందరూ సూసేరు. ఫోటో కూడా ఉంది." కలం తిరిగి ఇచ్చేశారు. "ఆర్డరు సంగతి తరవాత సూద్దాంలెండి. ఫ్లెక్స్ ప్రింటుకి ఇచ్చేసేను, ఇప్పుడు దాన్నేం సెయ్యాలో తెలవట్లేదు."

అరగంట గడిచిపోయింది. కాగితం నా దగ్గరే మిగిలింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అప్పలరాజు ఎవరితోనో ఫోనులో నవ్వుతూ చెబుతున్నాడు: "సొంత కూతురి బొండామే కొంప ముంచేసింది బావా!" గ్రేస్ వింది. ఆ సాయంత్రం అన్నం ముట్టలేదు.

పోటీ నియమాలు పోటీదారుకి తెలిస్తే సరిపోవు. ఆమె చుట్టూ ఉన్నవాళ్ళకి కూడా నేర్పాలి. నేర్చుకోనివాళ్ళకి పోటీ ఎక్కడ జరుగుతుందో చెప్పకూడదు. పైవాడి నోటి మాటను ఉత్తర్వు అనుకుని ఒంటిని అరగదీసుకోకూడదు. పీఈటీగా తొమ్మిదేళ్ళలో పిల్లలకి ఎన్నో నియమాలు చెప్పాను కానీ ఈ రెండూ నాకు ఆ ఆదివారం దాకా తెలియవు.

సోమవారం పొద్దున్న మా ఆయన ఇద్దరి యూనిఫాంలూ ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేశారు. పిల్లలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"గ్రేస్, అది నీ తప్పు కాదు. నీకు రూలు తెలీదు, నాకు తెలుసు. తెలిసినవాళ్ళదే తప్పు. నువ్వు ఏడుస్తున్నావని కాదు, నాకు దాహం వేసింది, అందుకే తాగేను. ఎవరడిగినా ఇదే చెప్పు. ఇప్పుడు ఆ యూనిఫాంలు వేసుకోకండి. మీరు ఆ స్కూలుకి వెళ్ళట్లేదు. నేనూ వెళ్ళట్లేదు."

"రేపో?" అన్నాడు జోయెల్.

"రేపు కూడా" అన్నాను.