వీపు మీద చెయ్యి

దయ్యాల మాట ఎత్తితే నవ్వేవాళ్లలో నేను మొదటివాణ్ణి. తల్లాడలో మోటార్లకు వైండింగ్ చేసి బతుకుతాను. తీగ తెగితే మోటారు ఆగుతుంది, సరిచేస్తే తిరుగుతుంది. నాకు తెలిసిన లోకం అంతే. నేను చెప్పబోయేది దయ్యం కథ కూడా కాదు. ఇందులో చచ్చిపోయినవాళ్లు ఎవరూ లేరు.

ఏటా చలికాలం చివర్లో మేం సైకిళ్ల మీద భద్రాచలం వెళ్తాం. నేను, జానీ, యాదగిరి తల్లాడలో బయలుదేరతాం. బొగ్గు గనిలో పనిచేసే వెంకన్న కొత్తగూడెంలో కలుస్తాడు. నలుగురం ఒకే బడిలో చదువుకున్నాం. పెళ్లిళ్లు కాకముందే ఈ పిచ్చి మొదలైంది. అప్పట్లో వాళ్లనీ వీళ్లనీ అడిగి తెచ్చుకున్న బరువైన సైకిళ్లు, క్యారియర్‌కు తాడుతో కట్టిన పులిహోర డబ్బాలు. గోదావరిలో మునిగి, తడిబట్టలతోనే ఒడ్డున కూర్చుని తినేవాళ్లం. ఆ పులిహోర రుచి మళ్లీ ఏ పెళ్లి భోజనంలోనూ నాకు దొరకలేదు.

పాల్వంచ దాటాక సారపాక వెళ్లే అడవి దారిలో ఒక ఎత్తు ఉంది. నాకు మొదటి నుంచీ దమ్ము తక్కువ. అక్కడికి రాగానే వెంకన్న వెనక నుంచి నా ఎడమ పక్కకు చేరేవాడు. ఒంటి చేత్తో తన హ్యాండిల్ పట్టుకుని, కుడి అరచెయ్యి నా వీపుకు ఆనించి పైదాకా నెట్టుకొచ్చేవాడు. "ఎనకకు సూడకు, తొక్కు" అనేవాడు. చూస్తే హ్యాండిల్ ఊగి ఇద్దరం పడతాం మరి.

పోయినేడు వర్షాకాలంలో వెంకన్నకు పక్షవాతం వచ్చింది. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. మాట పోయింది.

ఆ చలికాలం వెళ్లేటప్పుడు పొద్దున్నే వాళ్ల క్వార్టర్ దగ్గర ఆగాం. వెంకన్న భార్య సరోజ మమ్మల్ని గుమ్మం బయటే ఆపి ఏడ్చింది.

"గోడ దిక్కు తిరిగి పంటడు అన్నా. చెయ్యి కదిలియ్యమని డాక్టర్ చెప్తే కండ్లు మూసుకుంటడు. బతకాలనే లేదు ఆయనకు."

లోపలికి వెళ్లి మంచం పక్కన నిలబడ్డాం. ప్రయాణం మానేసి అక్కడే ఉందామన్నాను. వెంకన్న ఎడమ చెయ్యి ఎత్తి, పొమ్మని ఊపాడు. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. "నువ్వు లేకుంటే ఆ ఎత్తు ఎక్కుడు నాతోని కాదు, నీకు ఎర్కనే గదరా" అన్నాను. గోడవైపు తిరిగిపోయాడు.

ఎత్తు దగ్గరికి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. జానీ, యాదగిరి గేర్ల సైకిళ్ల వాళ్లు, ముందు వెళ్లిపోయారు. జామాయిల్ కర్రల లారీ ఒకటి నన్ను దాటి పోయింది. ఆ తర్వాత అడవిలో ఏ చప్పుడూ లేదు. సగం ఎక్కేసరికి కాళ్లు లాగేశాయి. దిగి నడుద్దామని బ్రేకు మీద చెయ్యి వేశాను.

అప్పుడే వీపు మీద అరచెయ్యి ఆనింది.

వెచ్చగా, ఐదు వేళ్లూ విడివిడిగా తెలిశాయి. జానీయే నా కోసం వెనక్కి వచ్చాడనుకున్నాను. అలవాటు ప్రకారం వెనక్కి చూడలేదు. పెడల్ తేలికైంది. పైదాకా ఆ చెయ్యి అలాగే ఉంది.

పైన జానీ, యాదగిరి బూట్లు విప్పి చెట్టు కింద కూర్చుని జామకాయలు తింటున్నారు. "గింత జల్దీ ఎట్లొచ్చినవ్ రా? దిగి నడుస్తవనుకున్నం" అన్నాడు జానీ. వెనక్కి తిరిగి చూస్తే రోడ్డు కిందిదాకా ఖాళీగా ఉంది. చెబితే ఎండదెబ్బ అని ఏడిపిస్తారు. సీసా తీసి నీళ్లు తాగాను.

సీసా మూత పెట్టేలోపే ఫోన్ మోగింది. ఎత్తితే సరోజ ఏడుస్తోంది.

"అన్నా, ఆయన పక్కనే మంచం మీద కూసోని చిక్కుడుకాయలు ఒలుస్తున్న. ఎనక నుంచి నా వీపు మీద చెయ్యి పెట్టి నెట్టిండు. కుడి చెయ్యి అన్నా! ఆయన ఒళ్లంతా సెమటలు."

జానీ, యాదగిరి రోడ్డు మీదే గంతులేశారు. నేను కూలబడి ఏడ్చాను. సంతోషమనుకున్నారు. సంతోషం కూడా నిజమే.

పోయిన బలం ఒక్కోసారి అలాగే తిరిగొస్తుందన్నాడు డాక్టర్. ఒప్పుకుంటాను. ఎండకు నా బుర్ర తిరిగిందంటే అదీ ఒప్పుకుంటాను. రెండూ ఒకే మధ్యాహ్నం ఎందుకు జరిగాయో మాత్రం నాకు అంతుపట్టదు. వీపు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా.

ఆ రోజు నుంచి వెంకన్న మొండిగా వ్యాయామం చేశాడు. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. మాటలు ఒక్కొక్కటిగా వస్తున్నాయి. పోయిన నెల చూడటానికి వెళ్లాను. సరోజ టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. వాడు నన్ను కిందినుంచి పైదాకా చూసి, మాటలు కూడదీసుకున్నాడు.

"ఈసారి... మస్తు... బరువున్నవ్ రా."

మూతి ఒక పక్కకే లాగి నవ్వాడు. నా పొట్టను చూసి అన్నాడో, ఇంకెందుకు అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. అడగబోయి మానుకున్నాను. వాడి కుడి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.