సింహాసనం వెనక చెయ్యి

తుష్నాబాద్ అవతల ఓ చిన్న పంచాయతీకి నూకరత్నం ప్రధాన్, అంటే సర్పంచి. సీటు ఆడవాళ్ళకి కేటాయించారు కనక నిలబడింది, గెలిచింది. ఆఫీసుకి మాత్రం మొగుడు సత్యారావు వెళ్తాడు. కాయితాలు ఇంటికొస్తే వంటింటి గట్టు మీద పెట్టుకుని ఈవిడ సంతకం చేస్తుంది. "పెట్టిపుట్టావమ్మా, కష్టమంతా ఆయనే పడుతున్నాడు" అని ఇరుగుపొరుగు అంటే మురిసిపోయేది కూడా. పిచ్చి మాతల్లి!

అక్క కూతురు సుమ కలకత్తాలో బొమ్మలు వేయడం నేర్చుకొచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో ప్రదర్శన పెట్టింది. రాగిరేకు మీద సూదితో గీసి, యాసిడ్‌లో ముంచి, సిరా పూసి కాయితం మీద అచ్చు తీసిన బొమ్మలు. "నీ బొమ్మ కూడా ఉంది పిన్నీ" అంటే, పట్టుచీర కట్టుకుని మొగుడితో సహా వెళ్ళింది.

బొమ్మ పేరు 'అధికారం'. నూకరత్నం అందులో దేవతే. ఎత్తయిన సింహాసనం, తల మీద కోటగోడలాంటి కిరీటం, పెదాల మీద నవ్వు, చేతిలో పంచాయతీ ముద్ర. కింద బిందెలతో జనం. దారులు, నీళ్ళ పైపులు, జనం చూపులు, గీతలన్నీ ఆవిడ వైపే పోతున్నాయి. నూకరత్నం కళ్ళు కూడా వాటి వెంటే పైకి పోయాయి. ముఖం దగ్గర ఆగలేదు. భుజం మీదుగా జారి, ముద్ర పట్టుకున్న మణికట్టు దగ్గర ఆగాయి. దాన్ని సింహాసనం వెనక చీకట్లోంచి ఒక మగచెయ్యి పట్టుకుని ఉంది. వేలికి ఎర్రసిరాతో దిద్దిన పగడపుటుంగరం.

ఆ ఉంగరం మొగుడికి తనే చేయించింది.

సత్యారావు కూడా పరీక్షగా చూశాడు. "ఏటే సుమా, మీ పిన్ని ఎడమచేత్తో స్టాంపేస్తందేటి? అశుభం కాదేటే?"

"అచ్చు తీస్తే కుడి ఎడమవుద్ది బాబాయ్."

"అరే, అలాగా! అయితే ఫస్ట్ క్లాస్!" అంటూ ఆయన టీ ఇస్తున్న వైపు వెళ్ళిపోయాడు.

ఇంతమంది చూస్తున్నారు. ఊరంతా ఇన్నాళ్ళూ చూస్తూనే ఉంది కాబోలు! నూకరత్నానికి సిగ్గేసింది. ఉక్రోషమంతా సుమ మీదికి మళ్ళింది.

"ఒకళ్ళు నా చెయ్యట్టుకుని ఆడిస్తంటే నవ్వుతానేటే? నాకా నవ్వెందుకు పెట్టావు?"

సుమ తల దించుకుంది. "నేను పెట్టలేదు పిన్నీ. నువ్వు ప్రధాన్‌వైన రోజు ఫొటో చూసి గీశాను. బాబాయ్ నీ చెయ్యి పట్టుకుని స్టాంపు వేయిస్తున్నాడు. నువ్వు నవ్వుతున్నావు."

నూకరత్నం తిన్నగా మొగుడి దగ్గరికి వెళ్ళింది. చుట్టూ నలుగురూ ఉన్నారు.

"రేపట్నించి ఆఫీసుకి నేనెల్తాను. మీరు రావద్దు."

సత్యారావు పెద్దగా నవ్వాడు. నూకరత్నం నవ్వలేదు.