ఓలౌగ్ భుజం

మా లోయలో తొలి మంచు పడిందంటే చాలు, "ఓలౌగ్ బయల్దేరిందా?" అని అందరూ అడిగేవాళ్ళు. బయల్దేరకుండా ఎలా ఉంటుంది? వేసవంతా గడ్డి కోతలు, తర్వాత బంగాళదుంపల తవ్వకం, రెండు పూటలా ఆవుల పని. మంచు పడగానే, అన్నాళ్ళ ఆకలీ ఒక్క వారంలో తీర్చుకోవాలన్నట్టు కాళ్ళకు స్కీలు కట్టుకుని, రెండు చేతుల్లో కర్రలతో మంచును తోసుకుంటూ, రోజూ గడ్డకట్టిన సరస్సు దాటి అవతలి అడవి దాకా పోయి వచ్చేది.

ఒక ఏడాది నవంబరులోనే ఆమె కుడి భుజం మంట పెట్టడం మొదలైంది. ఒళ్ళు వేడెక్కితే అదే పోతుందనుకుంది. దారిలో నిజంగానే పోయేది. ఇంటికొచ్చాక రెట్టింపై వచ్చేది.

"కర్రలతో నువ్వు మంచును పొడుస్తున్నావా, మంచే నిన్ను పొడుస్తోందా?" అన్నాడు భర్త ఎయిలిఫ్.

"పొయ్యి పక్కన కూర్చుని నువ్వు పొడిచేది చూస్తూనే ఉన్నాగా!"

ఒకనాటి పొద్దున స్వెట్టరు తొడుక్కోవడానికి చెయ్యి పైకి లేవలేదు. ఎయిలిఫే తొడిగాడు. ఈసారి వేళాకోళం చెయ్యలేదు, కారు తీశాడు.

పట్నంలో ఫిజియోథెరపిస్టు భుజం తిప్పి చూసింది. "కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాడు లాంటిది వాచిందమ్మా. కొన్ని వారాలు కర్రలు పట్టొద్దు."

"మరి స్కీలు?"

"కర్రల్లేకుండా, చదునైన చోట, నొప్పి రానంతవరకే."

తిరుగుదారిలో తెల్లగా మెరుస్తున్న సరస్సును చూసి ఓలౌగ్ ఏడ్చేసింది.

నొప్పి నెమ్మదించాక, క్రిస్మస్‌కి ఎయిలిఫ్ అక్క సిగ్రూన్ వచ్చింది. వయసులో స్కీ పందేల్లో పాల్గొన్న మనిషి. పెరటి వెనక మరదలు స్కీల మీద నాలుగడుగులు వేసిందో లేదో, కేకేసింది.

"ఆగాగు! ఆ కర్రలెవరివే?"

"మీ తమ్ముడివి వదినా. నావి పోయినేడు విరిగాయి."

"వాడు నీకన్నా జానెడు పొడుగు! కర్ర ఎత్తినప్పుడల్లా నీ భుజం చెవి దాకా పోతోంది. పైగా తోసేదంతా చేతులతోనే. నీ పొట్టా నడుమూ పండక్కి సెలవు పెట్టాయా?"

"అంటే తప్పు నాదా?" అన్నాడు ఎయిలిఫ్.

"పొడుగ్గా పుట్టడం నీ తప్పే."

చాలా రోజుల తర్వాత ఓలౌగ్ పగలబడి నవ్వింది.

పొట్టి కర్రలు వచ్చాయి. కొట్టంలో గుంజకు పాత సైకిలు ట్యూబు కట్టి, ఆవులు నెమరేస్తూ చూస్తుండగా, మెల్లగా లాగుతూ భుజానికి బలం తెచ్చుకుంది. నడుముకీ పొట్టకీ కసరత్తు చేసింది. చేతులతో తోయడం తగ్గించి కాళ్ళతో సాగడం నేర్చుకుంది. ఒకరోజు గట్టిగా వెళ్తే మర్నాడు తేలిగ్గా. ఏ వారానికావారం కొంచెమే పెంచడం. అన్నిటికన్నా కష్టమైనది మాత్రం జనవరిలో ఒక ఎండపూట. మంచు గట్టిగా, జారుడు పట్టులా నున్నగా ఉంది. భుజం కాస్త చురుక్కుమంది. ఓలౌగ్ సరస్సు నడిమధ్యలో ఆగి, అవతలి అడవిని కాసేపు చూసి, వెనక్కి తిరిగింది. ఆ దారంతా తనను తాను తిట్టుకుందట.

ఈస్టర్‌కి వదినామరదళ్ళిద్దరూ కొండమీది గుడిసె దాకా స్కీల మీదే వెళ్ళారు. ఎయిలిఫ్‌తో కలిసి మేం ఇరుగుపొరుగు వాళ్ళం వెనక చేరాం; రాత్రికి అందరం అక్కడే ఉండిపోయాం. భుజం కిక్కురుమనలేదు.

మర్నాడు ఇంకా మంచి ఎండ. ఓలౌగ్ గుడిసె గోడకు ఆనుకుని కమలాపండు వలుస్తోంది. ఎయిలిఫ్ స్కీలు కట్టుకుని వచ్చాడు.

"పోదామా?"

"నువ్వు పోయిరా. ఇవాళ నాకు విశ్రాంతి," అని ఒక తొన నోట్లో వేసుకుని, ఎండకేసి మొహం తిప్పింది.