దగ్గేవాళ్లు లేని కొట్టం

ఎనభైల మొదట్లో నేను నంద్యాలలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పేదాన్ని. చెప్పేదాన్ని అంటున్నాను గానీ, చాలా రోజులు నల్లబల్లతోనే మాట్లాడుకునేదాన్ని. పాఠంలో ఉదాహరణలుగా వచ్చే రోగులంతా ఎక్కడో సముద్రాల అవతలి మనుషులు. వాళ్లు బతికినా పోయినా మా క్లాసులో ఎవరికీ పట్టేది కాదు. నిజం చెప్పాలంటే నాకూ పట్టేది కాదు. అందుకే ఆళ్లగడ్డ నుంచి వచ్చిన మా అక్క వంటింట్లో నా ఎదురుగా చతికిలబడి ఆ ప్రశ్న అడిగినప్పుడు నాకు పండగలా అనిపించింది.

"లెక్కలు చదివినావు గదా. మీ బావ రాయి కోసేదానికి కరెంటు మిషన్ కొంటానంటాండాడు. ఉలితో కొడితేనే ఒళ్లంతా దుమ్ము. మిషనొస్తే ఇంగ చూస్కో. ఈ దుమ్ము మనిషిని తింటాదా, తినదా? కొనకముందే తేల్చి చెప్పు."

మా బావ శిల్పి. ఆళ్లగడ్డలో దేవుళ్ల విగ్రహాలు చెక్కే కొట్టంలో పని. సొంత మిషన్ ఉంటే ఇంటి దగ్గరే వేరుగా పని పెట్టుకోవచ్చని ఆయన ఆశ. మంచివాడు, మహా మొండివాడు. అక్క మాట వినడు గానీ అంకెలంటే ఆయనకు గురి. నేను లెక్క వేసి చెబితే తిరుగుండదని అక్క నమ్మకం.

ఆ ఆదివారమే బస్సెక్కాను. ఊపిరితిత్తుల బలం కొలిచే యంత్రం నా దగ్గర ఎక్కడిది? చెడుగుడు కూత పెట్టించాను. ఒకే ఊపిరి మీద ఎవరు ఎంతసేపు కూత ఆపకుండా ఉంటారో గడియారం చూసి రాసుకోవడమే నా పరీక్ష. కొట్టంలో పని మొత్తం ఆగిపోయింది. మీసాలు నెరిసిన మనుషులు ఉలులు కింద పడేసి, తొడలు చరుచుకుని, కళ్లు ఎర్రబడేదాకా "చెడుగుడు చెడుగుడు" అంటూ పోటీ పడ్డారు. సగం చెక్కిన ఆంజనేయస్వామి మధ్యలో నిలబడి అంతా చూస్తున్నాడు. నవ్వలేక నాకు కడుపునొప్పి వచ్చింది.

నంద్యాలకు వచ్చి గ్రాఫు గీస్తే కళ్లు తిరిగాయి. ఎక్కువ ఏళ్లుగా ఉలి పట్టినవాళ్లకే కూత గట్టిగా ఉంది! కొట్టం పెద్దాయన కూత ముందు కుర్రాళ్ల కూత తేలిపోయింది. రాతి దుమ్ము తింటే బలం వస్తుందేమో అన్నట్టుంది నా గ్రాఫు. ఇదే మాట అక్కకు చెప్పాను. అక్క, "బాగా చూసినావా?" అని ఊరుకుంది. బావ మాత్రం పొంగిపోయాడు. ఉగాదికి మిషన్ ఇంటికొస్తుందన్నాడు.

అయినా మొదటిరోజు కొట్టానికి రానివాళ్లు కొందరు మిగిలిపోయారని, వాళ్లతోనూ కూత పెట్టిద్దామని మళ్లీ ఆళ్లగడ్డ వెళ్లాను. అప్పటికి నాకు జలుబు చేసి ఉంది. కొట్టం గడప దగ్గర దగ్గు తెర వచ్చింది. లోపలి నుంచి పెద్దాయన చెయ్యెత్తాడు.

"ఆగమ్మా. దగ్గు తగ్గినంక రా. విగ్రహం మీద తుంపర పడితే మైల."

"ఊరికే చూసి పోతా. నాకేంది ఈ కట్టడి?" అన్నాను.

"నీకే కాదు, అందరికీ అంతే. దగ్గు పట్టినోడు దేవుని పని ముట్టగూడదు. వారం పది దినాలు చూస్తాం. తగ్గకుంటే పోయి రోళ్లు కొట్టుకోమంటాం. లేదంటే సేద్యానికి పోతాడు. మా తాతల కాలం నుంచీ ఇంతే."

నేను ఎండలో అక్కడే నిలబడిపోయాను. దగ్గేవాళ్లు లోపల లేరు. లోపల ఉండనివ్వరు! నేను కొలిచింది దుమ్మును తట్టుకున్నవాళ్లను మాత్రమే. తట్టుకోలేనివాళ్లను ఆ కొట్టమే ఒక్కొక్కరిగా గడప దాటించేసింది. తప్పిన పిల్లలందరినీ ఇంటికి పంపి, మిగిలినవాళ్లను చూపించి మా కాలేజీలో అందరూ పాసే అన్నట్టుంది నా లెక్క. అది తప్పని తెలిసిన క్షణంలో నాకు కలిగినంత సంతోషం, లెక్క సరిపోయినప్పుడు ఎన్నడూ కలగలేదు. రోడ్డు మీద నాలో నేనే నవ్వుకుంటుంటే బండివాడొకడు ఎద్దుల్ని ఆపి మరీ చూశాడు.

ఇక నాకు కాలు నిలవలేదు. కొట్టంలో ఉన్నవాళ్లను కాదు, ఏనాడైనా ఉలి పట్టిన ప్రతివాణ్నీ లెక్కలోకి తేవాలి. అదృష్టం ఏమిటంటే, అక్కడ ఆయుధపూజ నాడే కొత్తవాళ్ల చేతికి ఉలి ఇస్తారు. ఎవరు ఎవరితో కలిసి ఉలి పట్టారో ఊళ్లో అందరికీ గుర్తే. సెలవు దొరికితే చాలు, బస్సులు పట్టుకుని తిరిగాను. ఒకాయన రోడ్డు పక్కన వేపచెట్టు కింద రోళ్లు కొడుతూ దొరికాడు. కూత పెట్టమంటే నవ్వి, రెండో మాటకే ఆయాసపడ్డాడు. ఒకాయన కొత్తపల్లెలో చెల్లెలింట్లో మంచం పట్టి ఉన్నాడు. కొందరి ఇళ్లలో భార్యలే మాట్లాడారు.

ఒకాయన మాత్రం బాగున్నప్పుడే గుడి పనికని మద్రాసు వెళ్లిపోయాడట. ఆ తర్వాత ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. అతన్ని జబ్బుపడ్డవాళ్లలో వేస్తే అబద్ధం, ఆరోగ్యవంతుల్లో వేసినా అబద్ధమే. అసలు వదిలేస్తే అతను నిక్షేపంగా పని చేసిన ఏళ్లన్నీ గంగలో కలుస్తాయి. ఊరు విడిచిన రోజు వరకు లెక్కలో ఉంచుకుని, అక్కడి నుంచి మర్యాదగా సాగనంపాలి. చదువుకునే రోజుల్లో బట్టీ పట్టిన ఆ పద్ధతి, ఆళ్లగడ్డ బస్టాండులో టీ తాగుతుండగా నాకు మొదటిసారి నిజంగా అర్థమైంది. ఆ ఊపులో ఇంకో టీ చెప్పాను.

ఉగాదికి ముందు గ్రాఫు కాగితాలు చంకన పెట్టుకుని అక్క ఇంటికి చేరాను. బావ ముందు నేల మీద పరిచాను. ఒక్కో శిల్పికి ఒక్కో అడ్డగీత. ఎన్నేళ్లు ఉలి పడితే అంత పొడవు. దగ్గు పట్టుకున్న చోట ఇంటూ గుర్తు. ఇంకా పని చేస్తున్నవాళ్లకు, ఊరు విడిచినవాళ్లకు గుర్తేమీ లేదు. రెండో కాగితం మీద వాటన్నిటి సారం. ప్రతి ఏడూ ఉలి పట్టి ఉన్నవాళ్లలో ఎంతమంది దగ్గు లేకుండా ఆ ఏడు దాటారో చూసుకుంటూ గీసిన గీత. మొదట్లో చదునుగానే పోయింది. తర్వాత మెట్లు మెట్లుగా దిగడం మొదలుపెట్టి మళ్లీ ఆగలేదు.

"మొదట నేను చెప్పింది తప్పు బావా. దుమ్ము మనిషిని తింటాంది. మిషన్ దుమ్ము ఇంకా సన్నం. తెచ్చుకోవద్దు" అన్నాను.

బావ గీతల మీద ఒక్కొక్కటిగా వేలు పెట్టుకుంటూ పోయాడు. "ఇందులో నేను యాడుండా?" అన్నాడు.

అడ్డగీతల్లో ఆయనది చూపించాను. పొడుగైన గీత, చివర ఏ గుర్తూ లేదు. "ఈడ. నీది ఇంకా నడుస్తానే ఉంది" అన్నాను ఉత్సాహంగా.

పెన్సిల్ ఇమ్మన్నాడు. ఏదో లెక్క చూసుకుంటాడనుకున్నాను. రాతి మీద గుర్తు పెట్టేటప్పటిలాగే వంగి, తన గీత చివరి నుంచి కొంచెం వెనక్కి వచ్చి, అక్కడ ఇంటూ పెట్టాడు.

"తెల్లారి లేస్తానే వస్తాది. అంతా దగ్గేసి, నీళ్లు తాగి, అప్పుడు పోతా కొట్టానికి. శానా దినాలాయ. లోపల బిగబట్టుకోనుంటా. మిషనుంటే ఇంట్లోనే పని జేస్కోవచ్చని..."

పొయ్యి దగ్గర అక్క రొట్టె తిప్పుతూ, తల ఎత్తకుండానే అంది. "నాకు తెల్దా? నీ నోటితో నువ్వు చెప్తావనే దీన్ని ఈ లెక్కకు దింపితి."

మిషన్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మర్నాడు ఎక్స్‌రే కోసం బావను నంద్యాలకు తీసుకెళ్లాను. బస్సులో ఆయన కిటికీ వైపు తిరిగి, ఎవరికీ దాచకుండా దగ్గుతున్నాడు. నేను ఒళ్లో కాగితం పెట్టుకుని లెక్క సరిచేశాను. మెట్ల గీత ఇంకొంచెం కిందికి దిగింది. లెక్క మునుపటికన్నా కచ్చితంగా వచ్చింది. అంత ఇష్టంగా గీసిన ఆ గీతను అక్కడికక్కడే చెరిపేయాలనిపించింది.