పొగమంచులో తాడు దాటాను

నాకు డెబ్బై ఎనిమిదేళ్లు. బడికి వెళ్లలేదు గానీ, సొంతంగా అక్షరాలు దిద్దుకుని, పేపర్లు చదివి చట్టాలు నేర్చుకున్నాను.

మొన్న చలికాలం ఒక పొద్దున ఈ బెంగాలీ ఊళ్లో షాలిమార్ స్టేషన్ నుంచి బయటికొచ్చాను. గంగ మీంచి లేచిన పొగమంచు రోడ్డంతా పాలలా పరుచుకుంది. కూడలిలో జనాన్ని ఆపడానికి ఒక సివిక్ వాలంటీరు అమ్మాయి తాడు అడ్డంగా పట్టుకుని నిలబడింది. పోలీసులకు సాయంగా పెట్టుకున్న ఈ పిల్లలకు లాఠీ ఉండదు, కేసు రాసే అధికారమూ ఉండదు.

"నన్నాపడానికి నువ్వేమైనా పోలీసువా?" అని తెలుగులోనే విసుక్కుని, తాడు కింద నుంచి దూరాను.

"కాదు తాతా, అయినా ఆగు!" అంది. మన తెలుగు పిల్లే!

నాలుగడుగుల్లో లోకం మాయమైంది. నదిలో ఎక్కడో లాంచీ కూసింది. అమ్మ వేలు పట్టుకుని ఈ ఊళ్లో దిగిన రోజులో నిలబడ్డట్టనిపించింది. రెండు చందమామలు మెల్లగా నా వైపు వస్తుంటే ముచ్చటగా చూస్తున్నాను. అవి లారీ దీపాలని తెలిసేలోపు ఒక చెయ్యి నన్ను వెనక్కి లాగేసింది.

"సచ్చిపోదువు తాతా! ఏటలా చూస్తన్నావు?"

ఇంతలో సార్జెంటు వచ్చి, తాడెందుకు వదిలేశావని ఆమె మీద మండిపడ్డాడు. పైకి రాస్తానన్నాడు, రేపటి నుంచి డ్యూటీకి రావద్దన్నాడు. ఆ అమ్మాయి తల వంచుకుందే తప్ప నా వైపు వేలు చూపించలేదు.

నాకు ఒళ్లు మండింది. "తప్పు నాది. రాస్తే నా పేరు రాయండి!" అని బెంగాలీలో అరిచాను. ఆయన మళ్లీ రాసే మాటెత్తకుండా గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

నన్ను ఆపే అధికారం ఆ పిల్లకు లేదని ఇప్పటికీ అంటాను. నా కోసం లారీకి ఎదురెళ్లమని కూడా ఆమెకెవరూ చెప్పలేదు, అయినా వెళ్లింది.